మా ఊళ్ళో మేమే సర్కారు: మేంఢా గోండుల అడవి చరిత్ర

గోదావరి అనగానే మనకు తలపుకు వచ్చేవి భద్రాచలం, రాజమహేంద్రవరం, యానాం. ఆ నదికి నీళ్ళు పంపే అడవుల సంగతి మనం అంతగా తలచుకోము. ప్రాణహితకు తూర్పున, ఇంద్రావతికి ఉత్తరాన దట్టంగా పరుచుకున్న అడవి నేల పాత చాందా జిల్లాలోది. 1982లో దాన్ని విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు. ఆ జిల్లా దక్షిణపు కొసన ఉన్న సిరోంచలో తెలుగువాళ్ళు తరతరాలుగా కాపురముంటున్నారు. 1860 నుంచి 1874 దాకా సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. ఆ జిల్లాను రద్దు చేసినప్పుడు భద్రాచలం వైపు ఊళ్ళు మద్రాసు రాజధానిలోకి పోయాయి, సిరోంచ చాందాలో కలిసింది. ఎవరినీ అడగకుండా గీసిన గీతకు ఆవల ఉండిపోయిన వాళ్ళ కథ మన పాఠకులకు కొత్తది కాదు.

ఈ వ్యాసం సిరోంచ గురించి కాదు. అదే జిల్లాలో, ఉత్తరాన ధనోరా తాలూకాలో ఉన్న మేంఢా అనే గోండు పల్లె గురించి. మేంఢా పేరుతో మరికొన్ని ఊళ్ళు ఉండటంవల్ల, పక్క ఊరి పేరు చేర్చి మేంఢా (లేఖా) అంటారు. కఠాణీ నది ఒడ్డున వంద ఇళ్ళకు అటూ ఇటూగా ఉండే చిన్న ఊరు. జనం ఐదువందలకు మించరు. అయితే ఈ ఊరు తన అడవిని తానే కాపాడుకుని, ఆ హక్కును చట్టబద్ధంగా దేశంలోనే మొదట పొందిన ఊళ్ళలో ఒకటి. అడవిని కాపాడండి అని గిరిజనులకు బోధించే వాళ్ళు చాలామంది ఉన్నారు. మేంఢా వాళ్ళు ఎదురు ప్రశ్న వేశారు: కాపాడతాం సరే, దాని విషయంలో నిర్ణయం ఎవరిది? ఆ ఊరి నలభై ఏళ్ళ చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మన చుట్టాల భాష

గోండీ మన భాషకు దగ్గరి చుట్టం. మనం రెండు, మూడు, నాలుగు అంటే వాళ్ళు రండ్, ముండ్, నాలుంగ్ అంటారు. మన ఏరు వాళ్ళకు నీళ్ళు. మన మాను వాళ్ళకు మరా. మనం నాడు అంటే దేశమనో ప్రాంతమనో అర్థం. వాళ్ళు నార్ అంటే ఊరు. "మావా నాటే మావా రాజ్" అనే నినాదం ఆదిలాబాదు నుంచి గడ్చిరోలి దాకా గోండు ఊళ్ళలో వినిపించింది. తెలుగువాడికి దానికి టీక అక్కరలేదు. మా ఊళ్ళో మా రాజ్యం అని చెవికే తెలిసిపోతుంది. ఇంత దగ్గరి మాట మాట్లాడే జనం గురించి మన పత్రికల్లో వచ్చింది తక్కువ. వచ్చినదాంట్లో కూడా నృత్యాలూ, నగలూ, జాతరలే ఎక్కువ. వాళ్ళు ఊరిని ఎలా నడుపుకుంటారన్నది చూసినవాళ్ళు కొద్దిమంది.

అడవి ఎవరి చేతుల్లో ఉండేది

ఈ అడవులు పూర్వం చాందా జమీందారీల కింద ఉండేవి. జమీందారు పన్ను తీసుకున్నా, ఇంటి దూలానికి కర్ర, పొయ్యికి పుల్లలు, పశువులకు మేత, తినడానికి ఇప్పపువ్వు, సారపప్పు తెచ్చుకోవడానికి ఊరివాళ్ళకు వాడుక ఉండేది. మధ్య పరగణాల రికార్డుల్లో దీన్ని నిస్తార్ అన్నారు. ఏ ఊరికి ఏ అడవిలో ఏమేమి తెచ్చుకునే వీలుందో రాసిన పత్రాలు కూడా ఉండేవి. 1950లో నాటి మధ్యప్రదేశ్ శాసనం జమీందారీలను రద్దు చేసింది. మంచిదే. కాని జమీందారు అడవి ఊరి చేతికి రాలేదు, సర్కారు చేతికి పోయింది. తరువాత ఈ ప్రాంతం 1956లో బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. రాష్ట్రాలు మారినా అటవీశాఖ పద్ధతి మారలేదు. 1927 నాటి అటవీ చట్టం ప్రకారం అడవిని వర్గాలుగా విడగొట్టి హద్దురాళ్ళు పాతుకుంటూ పోయింది. తాతల కాలం నుంచి తెచ్చుకున్న పుల్లకు కొడుకుల కాలంలో గార్డు చేతిలో ఏదో ఒకటి పెట్టవలసి వచ్చింది.

అదే అడవిలో వెదురును ప్రభుత్వం కాగితపు మిల్లుకు కౌలుకిచ్చింది. కాజీపేట మీదుగా ఢిల్లీ రైలెక్కిన తెలుగువాళ్ళందరికీ బల్లార్షా తెలుసు. ఆ ఊరి కాగితపు మిల్లుకే దశాబ్దాలపాటు ఈ వెదురు వెళ్ళింది. గోండు రైతు ఇంటి దడికి నాలుగు బొంగులు నరికితే నేరం, లారీలకు లారీలు మిల్లుకు పోతే వ్యాపారం. ఊరివాళ్ళకు దక్కింది కోత కూలి మాత్రమే.

ఆనకట్ట వద్దన్న రోజులు

మేంఢా వాళ్ళు మొదట లేచి నిలబడింది వెదురు కోసం కాదు, ఆనకట్టల మీద. ఇక్కడ మన ప్రమేయం కూడా ఉంది. గోదావరి మీద ఇచ్చంపల్లి దగ్గర అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన కాటన్ దొర కాలం నాటిది. ఎగువ గోదావరిలో పడవలు నడపడానికి దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి వద్ద మొదలుపెట్టిన పనులను 1871లో ఆపేశారు. శతాబ్దం గడిచాక, నీటిపారుదలకూ విద్యుత్తుకూ పనికివచ్చేలా ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ కలిసి కట్టే పెద్ద పథకంగా ఇచ్చంపల్లి మళ్ళీ కాగితాల మీదికి వచ్చింది. ఇంద్రావతి మీద భోపాలపట్నం వద్ద మరొకటి. రెండూ కడితే గోండు, మాడియా ఊళ్ళు ఎన్నో మునుగుతాయి, వేల ఎకరాల అడవి మునుగుతుంది.

1984లో బాబా ఆమ్టే, గోండు నాయకుడు లాల్ శ్యామ్ షా వంటివారు 'జంగల్ బచావో, మానవ్ బచావో' అంటూ ఉద్యమం నడిపారు. బాబా ఆమ్టే ప్రధాని ఇందిరా గాంధీకి లేఖ రాశారు. మేంఢా నుంచి దేవాజీ తోఫా, ఆయన తోటివాళ్ళు ఆ ఊరేగింపుల్లో నడిచారు. పథకాలను ప్రభుత్వం పక్కన పెట్టింది. మన వైపు ఇచ్చంపల్లిని జారిపోయిన వరంగా చెప్పుకున్నవాళ్ళు ఉన్నారు. పంటకు నీళ్ళు కావాలనుకోవడం తప్పు కాదు. కాని ఆ నీటి కింద ఎవరి ఇల్లు ఉంటుందన్న లెక్క మన చర్చల్లో ఎక్కువగా వినిపించలేదు. 2019లో ప్రారంభించిన మేడిగడ్డ బ్యారేజీ విషయంలోనూ సిరోంచ రైతులు తమ పొలాలు మునుగుతున్నాయని ఆందోళనకు దిగవలసి వచ్చింది. వాళ్ళలో మన భాష మాట్లాడేవాళ్ళూ ఉన్నారు.

ఆ ఉద్యమం ముగిశాక మేంఢాలో ఒక మార్పు వచ్చింది. పైవాళ్ళు వేసిన పథకాన్ని ఆపగలిగినవాళ్ళం, మన ఊరి పనులు మనమే ఎందుకు నిర్ణయించుకోకూడదు అన్న ఆలోచన మొదలైంది. ఆ సమయంలోనే, ప్రజలు తమంతట తాము నిర్ణయాలు తీసుకునే ఊరు ఎక్కడైనా ఉందా అని వెతుకుతూ మోహన్ హీరాబాయి హీరాలాల్ ఈ ఊరికి వచ్చారు. ఆయన జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం నుంచి వచ్చిన మనిషి, వృక్షమిత్ర అనే సంస్థను నడిపారు. నాయకత్వం తన చేతిలోకి తీసుకోకుండా, చట్టాలు చదివి చెప్పడం, కాగితాలు వెతికిపెట్టడం, ప్రశ్నలు వేయడం వరకే తన పనిగా పెట్టుకున్నారు. 2025 జనవరిలో కన్నుమూశారు.

గోటుల్ కట్టారు, కూల్చారు, మళ్ళీ కట్టారు

గోండుల ఊళ్ళలో గోటుల్ అనేది పడుచువాళ్ళు చేరే చావడి. పాటా, ఆటా, పనీ, మర్యాదా నేర్చే చోటు. బయటివాళ్ళ ఎగతాళి వల్ల చాలా ఊళ్ళలో అది మాయమైంది. 1980లు ముగిసే రోజుల్లో మేంఢా వాళ్ళు తమ గోటుల్‌ను మళ్ళీ కట్టుకోవాలని నిశ్చయించి, అడవి నుంచి టేకు కర్ర తెచ్చి నిలబెట్టారు. అనుమతి లేని కర్ర అని అటవీశాఖ పోలీసులతో వచ్చి దాన్ని పడగొట్టి కర్రను పట్టుకుపోయింది. ఊరివాళ్ళు చేయెత్తలేదు. చుట్టుపక్కల ఊళ్ళను సభకు పిలిచారు. ఒక్క ఊరి గోటుల్ కూల్చారు కాబట్టి అన్ని ఊళ్ళలోనూ కడదామని ఆ సభలో తీర్మానమైంది. కట్టారు కూడా. అన్ని ఊళ్ళ మీదికీ వెళ్ళే ధైర్యం అటవీశాఖకు లేకపోయింది. మేంఢా గోటుల్ మళ్ళీ లేచింది.

"ఢిల్లీలో, ముంబయిలో మన సర్కారు; మన ఊళ్ళో మనమే సర్కారు" అన్న మేంఢా నినాదం దేశమంతటా పాకింది. మొదటి సగాన్ని చాలామంది వదిలేస్తారు. ఢిల్లీ ప్రభుత్వం కూడా మాదే, దానికి మేం విరోధులం కాము అని ఆ సగం చెబుతోంది. తుపాకుల నీడలో దశాబ్దాలు గడిపిన జిల్లాలో నిలబడి ఈ మాట అనడానికి గుండె కావాలి.

అందరూ ఒప్పుకునేదాకా

ఈ ఊరి గ్రామసభకు ఒక నియమం ఉంది. ఓటు వేయరు, చేతులెత్తించి లెక్కపెట్టరు. అందరూ ఒప్పుకుంటేనే అది తీర్మానం. ఒక్కరు కాదన్నా విషయం వాయిదా పడుతుంది, మరుసటి సభలో మళ్ళీ మాట్లాడతారు. ప్రతి ఇంటి నుంచి కనీసం ఒక మగా ఒక ఆడా రావాలి. సారా మానే విషయం ఇలాగే ఒక్కరోజులో తేలలేదు. ఆడవాళ్ళు పట్టుబట్టారు, మగవాళ్ళు సాకులు చెప్పారు, మాటలు సాగాయి. చివరికి ఊరంతా ఒప్పుకున్నాకే కట్టుబాటు అయింది.

ఇది నిదానమైన పద్ధతి అనేవాళ్ళు ఉంటారు. నిజమే. కాని మెజారిటీ తీర్మానంలో ఓడినవాడు మనసులో కక్ష పెట్టుకుంటాడు, అడవిలో రాత్రిపూట గొడ్డలి వేసేది కూడా ఆ ఓడినవాడే. అందరూ అన్న మాటకు అందరూ కాపలా కాస్తారు. అడవికి ఇదే అసలైన కంచె అయింది.

సభకు తోడుగా 'అభ్యాస్ గట్' అనే చదువరుల బృందాన్ని పెట్టుకున్నారు. ఇందులో తీర్మానాలు ఉండవు, తెలుసుకోవడం మాత్రమే. ఏ విషయమైనా ఆసక్తి ఉన్నవాళ్ళు కూర్చుని, అవసరమైతే బయటి నిపుణులను పిలిచి, తర్కించి, తెలిసినది సభ ముందు పెడతారు. పాత నిస్తార్ హక్కుల సంగతి ఇలాగే వెలికి తీశారు. జీవావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ వంటివారు ఈ ఊరితో కలిసి పనిచేశారు. తేనె తీసే పద్ధతి మారింది ఇలాంటి చదువు వల్లనే. పూర్వం మంట పెట్టి ఈగలను చంపి పట్టును మొత్తంగా కోసేవారు. ఈగలను చంపకుండా, పిల్లలున్న భాగాన్ని వదిలి తేనె ఉన్న భాగాన్నే కోసుకునే విధానం వార్ధాలోని గ్రామీణ విజ్ఞాన కేంద్రంవారి తోడ్పాటుతో నేర్చుకున్నారు. మరుసటి ఏడాది కూడా అదే చెట్టున తేనె దొరకాలన్న ఇంగితమే దీని వెనుక ఉంది.

అడవికి పెట్టుకున్న కట్టుబాట్లు కూడా ఇలాంటివే. కాయల కోసం, సారపప్పు కోసం చెట్టునే నరకకూడదు. అడవికి నిప్పు పెట్టకూడదు, ఎక్కడ అంటుకున్నా ఆర్పడానికి పోవాలి. ఇంటికి కర్ర కావలసినవారు సభకు చెప్పి, అవసరమైనంతే తెచ్చుకోవాలి. కొత్తగా అడవి కొట్టి పొలం చేయకూడదు. చేపల కోసం నీళ్ళలో విషం కలపకూడదు. వంతులవారీగా కాపలా తిరగాలి. వానకు మట్టి కొట్టుకుపోయే వాగుల్లో రాళ్ళకట్టలు వేయాలి. బయటివాళ్ళు ఎవరు ఏ పథకం తెచ్చినా ముందు సభకు వచ్చి చెప్పాలి. 1990లలో ప్రభుత్వం ఉమ్మడి అటవీ యాజమాన్యం తెచ్చినప్పుడు మేంఢా అందులో చేరింది. సాధారణంగా బోడి నేలలకే ఇచ్చే ఆ పథకాన్ని నిండు అడవికి కూడా ఇవ్వాలని పట్టుబట్టి సాధించుకుంది.

వెదురు చెట్టా, గడ్డా?

కథ అంతా ఒక మాట దగ్గర చిక్కుకుంది. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి. 1927 చట్టం ప్రకారం అది చెట్టు. చెట్టు అయితే కలప, కలప అయితే సర్కారుది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, వాటిమీద హక్కు అక్కడి వాళ్ళదే అంది. ఆ చట్టం కింద 2009లో మేంఢాకు, పొరుగున ఉన్న మర్దా గ్రామానికి సముదాయ అటవీ హక్కు పత్రాలు వచ్చాయి. దేశంలో ఇలాంటి పత్రాలు పొందిన మొదటి ఊళ్ళు ఇవే. మేంఢాకు దక్కిన అడవి సుమారు 1,800 హెక్టార్లు.

పత్రం చేతికొచ్చినా వెదురు చేతికి రాలేదు. నరికిన వెదురు బయటికి తీసుకుపోవాలంటే రవాణా పర్మిట్టు కావాలి, అది ఇచ్చేది అటవీశాఖ. ఇవ్వం అంది. హక్కు ఒకరిది, తాళంచెవి మరొకరిది. రెండేళ్ళు ఉత్తరాలు, వాదనలు సాగాయి. 2011 మార్చిలో కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ వెదురును చిన్నతరహా ఉత్పత్తిగానే చూడాలని ముఖ్యమంత్రులందరికీ రాశారు. ఏప్రిల్ 27న ఆయన, ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్‌తో కలిసి మేంఢాకు వచ్చి పర్మిట్టు పుస్తకాన్ని గ్రామసభ చేతిలో పెట్టారు. ఊరివాళ్ళు తమ వెదురుకు తామే పర్మిట్టు రాసుకోవడం దేశంలో అదే మొదలు. అడవుల బయట పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేయడానికి 2017 దాకా ఆగవలసి వచ్చింది.

హక్కు వచ్చాక మేంఢా వాళ్ళు అడవిని ఊడ్చి అమ్ముకుంటారని శంకించినవాళ్ళున్నారు. అలా జరగలేదు. ఏ ఏడు ఏ భాగంలో కోయాలో, పిలకలను ఎలా వదలాలో సభే తేల్చింది. అమ్మకానికి బేరం కూడా సభే చేసింది. వచ్చిన సొమ్ములో కోసినవారికి కూలి పోగా మిగిలింది ఊరి నిధికి పోయింది, మట్టి పనులకూ అడవి పనులకూ మళ్ళీ అందులోంచే ఖర్చు. ఒకనాడు కూలికి వెదురు కొట్టినవాళ్ళు, తమ వెదురును తామే అమ్మే యజమానులయ్యారు.

పోచంపల్లి నుంచి మేంఢా దాకా

2013లో ఈ ఊరు మరొక పని చేసింది. 1964 నాటి మహారాష్ట్ర గ్రామదాన చట్టం కింద, ఊళ్ళో పొలాలున్న కుటుంబాలు తమ భూమిని గ్రామసభ పేర పెట్టడానికి ఒప్పుకున్నాయి. సాగు ఎవరిది వాళ్ళదే. పొలాన్ని బయటివాళ్ళకు అమ్మే వీలు మాత్రం లేదు. అప్పుల కింద గిరిజనుల భూములు చేతులు మారిన చరిత్ర తెలిసినవాళ్ళకు దీని విలువ బోధపడుతుంది.

గ్రామదానానికి మూలం భూదానం. భూదానం పుట్టింది మన నేల మీద. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు నూరెకరాలు ఇస్తానన్న మాటతో అది మొదలైంది. తరువాత ఒడిశాలో, ముఖ్యంగా కోరాపుట్ జిల్లాలో, ఊళ్ళకు ఊళ్ళు గ్రామదానమయ్యాయి. ఆ తరం పోయింది, ఆ మాటే పాతబడింది. ఊళ్ళో ఒకరు దానమివ్వగా మరొకరు పుచ్చుకున్న చోట అది నిలవలేదు. మేంఢాలో మూడు దశాబ్దాలపాటు కలిసి కూర్చుని మాట్లాడుకున్నాక అందరూ కలిసి చేసిన పని అది. అందుకే అరవై రెండేళ్ళ తరువాత పోచంపల్లి మాటకు అక్కడ మళ్ళీ ప్రాణం వచ్చింది.

మనకు దీనివల్ల తెలిసేది

మేంఢా ఒక్క ఊరి అదృష్టం అనుకోకూడదు. 2013లో ఒడిశాలో నియమగిరి కొండమీద బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలితే, పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి. గ్రామసభకు ఆ బలం చట్టంలో ఉందని దేశానికి అప్పుడు తెలిసింది. మరోవైపు గడ్చిరోలి జిల్లాలోనే సూర్జాగఢ్ కొండమీద అక్కడి ఊళ్ళ అభ్యంతరాలు ఉండగానే ఇనుప గనులు నడుస్తున్నాయి. కాబట్టి ఈ కథ ముగిసిపోయిందని, గెలిచామని చెప్పడానికి లేదు. చట్టం పుస్తకంలో ఉంటుంది. దాన్ని అడిగి తీసుకునే సభ ఊళ్ళో ఉండాలి. సభ లేని ఊరికి చట్టం ఉన్నా లేనట్టే.

పరాయి రాష్ట్రాల్లో ఉన్న తెలుగువాళ్ళకు మేంఢా సభలోని ఆ నియమం ప్రత్యేకంగా తోచాలి. చేతులు లెక్కపెట్టే చోట తక్కువ చేతులున్నవాళ్ళు ఎప్పుడూ ఓడిపోతారు. మన బడి, మన పుస్తకం, మన ఊరి పేరు లెక్కకు వచ్చినప్పుడల్లా మనం ఎరిగినదే ఇది. ఒక్కడు కాదన్నా ఆగి, వాడి మాట వినే సభను ఐదువందల మంది గోండులు నాలుగు దశాబ్దాలుగా నడుపుతున్నారు. మనం మన చుట్టూ ఉన్న ఎక్కువమందిని అడిగే న్యాయం అదే. అదే న్యాయాన్ని మనకంటే చిన్నవాళ్ళకు, గోదావరి ఎగువన ఉన్న మన చుట్టాలకు మనం ఇస్తున్నామా అన్నది కూడా మన సంఘాల్లో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.